సమాజం, సంస్కృతి మన ఆలోచనను ఎలా మలుస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

విమర్శనాత్మక ఆలోచన గురించి మాట్లాడిన ప్రతిసారీ చివర్లో ఇంచుమించు ఇవే సందేహాలు వస్తాయి. అడిగేవాళ్లు మారతారు, ప్రశ్నలు మారవు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఫర్వాలేదు, ఏ జవాబుకు ఆ జవాబే సరిపోతుంది.

## మొట్టమొదటి సందేహాలు

విమర్శనాత్మక ఆలోచన అంటే అన్నిట్లో తప్పులు వెతకడమా?

కాదు. ఒక మాట విన్నప్పుడు దానికి ఆధారమేమిటి, ఆ ఆధారం ఎంతవరకు నిలుస్తుంది, దీనికి ఇంకో వివరణ ఉండొచ్చా అని చూడటమే విమర్శనాత్మక ఆలోచన. చూశాక నిజమేనని తేలితే మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం కూడా అందులో భాగమే. ప్రాచీన భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం చర్చల్ని మూడు రకాలుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి మాట పడగొట్టడానికే చేసేది వితండం. అన్నిట్లో తప్పులు వెతకడం ఈ మూడోదాని కిందికే వస్తుంది.

నా ఆలోచన నాది. అందులోకి సమాజం ఎక్కడినుంచి వస్తుంది?

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని, మలేరియా దోమకాటు వల్ల వస్తుందని మీకు తెలుసు. ఈ రెండిట్లో ఏదీ మీరు స్వయంగా పరీక్షించి తేల్చుకున్నది కాదు. మీ పుట్టినరోజు కూడా ఇంకొకరు చెబితేనే తెలిసింది. మనకు తెలిసినవాటిలో అత్యధిక భాగం ఎవరినో నమ్మి తీసుకున్నదే.

అయితే అసలు ప్రభావం జవాబుల్లో కంటే ప్రశ్నల్లో ఎక్కువ ఉంటుందని నేననుకుంటాను. దేన్ని అనుమానించాలి, దేని గురించి అడగాల్సిన పనే లేదు అన్నది మనం పెరిగిన చోటే నేర్చుకుంటాం. పరాయివాళ్ల ఆచారం వినగానే 'ఎందుకలా చేస్తారు?' అని అడుగుతాం. మన ఆచారం విషయంలో ఆ ప్రశ్న పుట్టదు. ఎవరూ అడగొద్దని ఆపలేదు, అడగొచ్చన్న సంగతే తట్టలేదు.

అయితే ఎవరి ప్రభావమూ పడకుండా ఒంటరిగా ఆలోచించుకోవడమే మేలు కదా?

అలా అనిపించడం సహజమే గానీ, పరిశోధనలు చెప్పేది వేరు. 1966లో పీటర్ వేసన్ అనే మనస్తత్వవేత్త ఒక చిన్న పజిల్ తయారుచేశాడు. దాన్ని మన అక్షరాల్లో పెట్టుకుందాం. బల్లమీద నాలుగు కార్డులున్నాయి. పైకి కనిపించేవి అ, క, 4, 7. ప్రతి కార్డుకీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. నియమం ఇది: ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి. ఈ నియమం నిజమో కాదో తేల్చడానికి ఏయే కార్డులు తిప్పి చూడాలి? ఎక్కువమంది అ, 4 అంటారు. సరైన జవాబు అ, 7. ఎందుకంటే 7 వెనకాల అచ్చు ఉంటే నియమం తప్పినట్టే. 4 వెనకాల ఏమున్నా నియమానికి ఇబ్బంది లేదు.

1998లో డేవిడ్ మోష్‌మన్, మాలీ గైల్ ఇదే పజిల్ విద్యార్థులకిచ్చారు. విడివిడిగా చేసినవాళ్లలో 9 శాతం మందికే సరైన జవాబు వచ్చింది. అయిదారుగురు కలిసి మాట్లాడుకున్న బృందాల్లో 75 శాతం సరిగ్గా చేశాయి. 'ఎందుకు 4? చెప్పు' అని పక్కవాడు అడిగినప్పుడు మన తర్కంలో డొల్లతనం మనకే వినిపిస్తుంది. మన తప్పు మనకంటే ఎదుటివాడికి త్వరగా దొరుకుతుంది, వాడి తప్పు మనకు దొరికినట్టే. కాబట్టి మనుషుల మధ్య ఉండటం ఆలోచనకు చేటు కాదు. ఎలాంటి మనుషుల మధ్య ఉన్నాం, అక్కడ కాదనే వీలుందా అన్నదాన్ని బట్టి లాభనష్టాలుంటాయి.

## పెంపకం, చదువు

పెద్దలకు ఎదురు చెప్పకూడదని నేర్పారు. ఇక నాకు ప్రశ్నించడం రాదా?

వస్తుంది. ఎదురుచెప్పకపోవడం వేరు, ఆలోచించకపోవడం వేరు. పెద్దల మాటకు తలూపుతూ పెరిగిన చాలామంది లోలోపల చాలా పదునుగా గమనిస్తారు. వాళ్లకు లేనిది ఆలోచన కాదు, దాన్ని బయటపెట్టే అలవాటు. ఆ అలవాటు పెద్దయ్యాక కూడా వస్తుంది. 'మీరు చెప్పింది తప్పు' అనడానికి నోరు రానివాళ్లు 'ఇది ఎలా జరుగుతుందో కొంచెం చెబుతారా?' అని అడగొచ్చు. ఆ ప్రశ్నలో గౌరవం తగ్గదు, పరిశీలనా ఆగదు.

పిల్లలకు ఇవన్నీ అప్పుడే ఎందుకు? చిన్నవాళ్లు ఏది చెప్పినా నమ్ముతారు కదా?

అంత గుడ్డిగా నమ్మరు. మూడు నాలుగేళ్ల పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో ఇద్దరు పెద్దవాళ్లు వస్తువుల పేర్లు చెబుతారు. ఒకరు సరిగ్గా చెబుతారు, ఇంకొకరు బంతిని చూపించి బూటు అన్నట్టు తప్పు చెబుతారు. తర్వాత తెలియని వస్తువొకటి చూపిస్తే, ఇందాక ఎవరు సరిగ్గా చెప్పారో గమనించిన పిల్లలు వాళ్ల మాటే తీసుకుంటారు. అంటే ఎవర్ని నమ్మాలో తూచుకునే శక్తి అప్పటికే మొలకెత్తింది. 'చెప్పింది విను' అన్న మాటతో దాన్ని తుంచేయకుండా ఉంటే చాలు. మీకు తెలియని ప్రశ్న పిల్లలు అడిగినప్పుడు 'నాకు తెలీదు, ఇద్దరం చూద్దాం' అనండి. అంతకంటే మంచి పాఠం ఏ తరగతి గదిలోనూ ఉండదు.

బట్టీ పట్టి చదివినవాళ్లకు సొంత ఆలోచన ఉండదా?

బట్టీ పట్టినంత మాత్రాన ఆలోచన చచ్చిపోదు. విషయం తెలియకుండా విమర్శించలేం కూడా. ఎక్కాలు రానివాడికి లెక్కలో మోసం దొరకదు. చెడేదల్లా, పుస్తకంలో ఉన్న వాక్యమే తప్ప ఇంకే వాక్యమూ రాయకూడదని మార్కులు వేసే దగ్గర.

చదువుకోనివాళ్లు తర్కబద్ధంగా ఆలోచించలేరంటారు. నిజమా?

ఈ అభిప్రాయం బలపడటానికి ఒక ప్రసిద్ధ పరిశోధన కారణమైంది. సరిగ్గా చదివితే అది చెప్పేది వేరు. 1931, 32ల్లో అలెగ్జాండర్ లూరియా అనే సోవియట్ మనస్తత్వవేత్త మధ్య ఆసియాలో పల్లెవాసుల్ని ఇలా అడిగాడు: 'మంచు ఉండే దూర ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. నోవయా జెమ్లియా దూర ఉత్తరాన ఉంది. అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగు?' బడి ముఖం చూడనివాళ్లు చాలామంది 'నేను చూడలేదు, చూసినవాళ్లను అడగండి' అన్న ధోరణిలో జవాబిచ్చారు.

తర్కం చేతకాక అన్న మాట కాదది. చూడనిదాన్ని చూసినట్టు చెప్పనంటున్నారు, సాక్ష్యం అడుగుతున్నారు. అదీ విమర్శనాత్మక ఆలోచనే. బడి నేర్పేది ఇంకొకటి: ఇచ్చిన వాక్యాల్ని నిజమనుకుని, వాటినుంచి ఏం తేలుతుందో చెప్పే ఆట. ఆ ఆట కూడా ఎంతో విలువైనదే. తర్వాతి పరిశోధనల్లో, ఇలాంటి ప్రశ్నల్నే వేరే గ్రహం కథగా చెబితే చిన్నపిల్లలు కూడా చక్కగా జవాబిచ్చారు. తర్కం మనుషులందరిలోనూ ఉంది. దాన్ని ఏ సందర్భంలో వాడాలన్నది మాత్రం ఎవరి సంస్కృతి వాళ్లకు నేర్పుతుంది.

## సంస్కృతుల మధ్య తేడాలు

తూర్పుదేశాలవాళ్లు ఒకలా, పడమటివాళ్లు ఒకలా ఆలోచిస్తారట. ఎంతవరకు నమ్మాలి?

కొంతవరకే. 2001లో మసుదా, నిస్బెట్ జపాన్, అమెరికా విద్యార్థులకు నీటి అడుగు దృశ్యాల యానిమేషన్లు చూపించి, ఏం చూశారో చెప్పమన్నారు. అమెరికావాళ్లు ముందున్న పెద్ద చేపతో మొదలుపెట్టడం ఎక్కువ. జపాన్‌వాళ్లు నీళ్లు, మొక్కలు, చుట్టూ ఉన్న పరిసరాల గురించి ఎక్కువ చెప్పారు. చూపు ఎక్కడ నిలుస్తుందన్న దాంట్లో కూడా సంస్కృతి చెయ్యి ఉందనడానికి ఇది మంచి ఉదాహరణ.

అక్కడినుంచి 'వాళ్లకు తర్కం, వీళ్లకు సామరస్యం' అని గీత గీయడం మాత్రం తప్పు. ఈ తేడాలు సగటులో కనిపించేవి. ఒకే దేశంలో మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడా చాలాసార్లు అంతకంటే పెద్దది. పైగా 2010లో హెన్రిక్, హైన్, నొరెన్‌జయాన్ ఒక ఇబ్బందికరమైన సంగతి అందరి ముందూ పెట్టారు. ప్రముఖ మనస్తత్వశాస్త్ర పత్రికల్లో అధ్యయనం చేసినవాళ్లలో 96 శాతం మంది, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాలవాళ్లు. 'మనిషి ఇలా ఆలోచిస్తాడు' అని ధీమాగా చెప్పే వాక్యం ఎక్కడ కనిపించినా, ఏ మనిషి అని అడగడం అవసరం.

నలుగురితో కలిసి నడవాలనే సంస్కృతుల్లో జనం ఎక్కువ లొంగిపోతారా?

సగటున కొంచెం ఎక్కువ. 1996లో బాండ్, స్మిత్ 17 దేశాల్లో జరిగిన 133 అధ్యయనాల్ని కలిపి చూస్తే సామూహిక విలువలున్న సమాజాల్లో గుంపుతో ఏకీభవించడం ఎక్కువగా కనిపించింది. అదే విశ్లేషణలో, 1950ల తర్వాత అమెరికాలో ఆ ధోరణి తగ్గుతూ వచ్చిందనీ తేలింది. అంటే ఇది నెత్తుటిలో ఉన్న గుణం కాదు, కాలంతో మారేది. నలుగురిలో ఎదుటివాణ్ణి చిన్నబుచ్చకూడదని ఊరుకోవడాన్ని లొంగుబాటు అని నేను అనలేను. మనసులో కూడా 'వాళ్లే కరెక్టేమో' అనుకోవడం మొదలైతే అప్పుడు ఆలోచించుకోవాలి.

## గుంపులో ఉన్నప్పుడు

అందరూ ఒకటే మాట అంటుంటే నా మీద నాకే అనుమానం వస్తుంది. ఎందుకిలా?

మీ ఒక్కరికే కాదు. 1950ల్లో సాలమన్ ఆష్ చేసిన ప్రయోగం చూడండి. ఒక కార్డు మీద ఒక గీత. ఇంకో కార్డు మీద మూడు గీతలు. మూడింటిలో ఏది మొదటిదానితో సమానమో పైకి చెప్పాలి. ఒంటరిగా అడిగితే తప్పు చెప్పేవాళ్లు దాదాపు ఉండరు, అంత తేలిక. కానీ గదిలో మిగతావాళ్లంతా ఆష్ మనుషులు. వాళ్లు 18 సార్లలో 12 సార్లు, ఒకరి తర్వాత ఒకరు, తడుముకోకుండా ఒకే తప్పు చెబుతారు. అసలు పరీక్షకు వచ్చిన మనిషి వంతు చివర్లో వస్తుంది. అప్పటికి ఆరేడుగురు చెప్పేశారు. అతను గీతలకేసి చూస్తాడు, వాళ్లకేసి చూస్తాడు.

ఆ తప్పు సందర్భాల్లో మూడోవంతుకు పైగా జవాబులు గుంపు వైపే వెళ్లాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా తలొగ్గారు. తర్వాత అడిగితే కొందరు 'నా కళ్లలోనే ఏదో దోషం అనుకున్నాను' అన్నారు, కొందరు 'తెలుసు, కానీ వేరుగా కనిపించడం ఇష్టంలేక' అన్నారు. మొదటిది సందేహం, రెండోది భయం. మీకు కలిగేది ఏదో తెలుసుకోవడం ముఖ్యం. సందేహమైతే మళ్లీ పరిశీలించాలి. భయమైతే పరిశీలించడానికేం లేదు, కావలసింది తోడు.

తోడు అని ఊరికే అనడం లేదు. గదిలో ఇంకొక్క మనిషి సరైన జవాబు చెబితే తలొగ్గడం అంతకుముందున్న దాంట్లో దాదాపు నాలుగోవంతుకు పడిపోయింది. ఈ ప్రయోగం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాసుకోమన్నప్పుడు కూడా తలొగ్గడం బాగా తగ్గింది.

నిపుణుల్ని నమ్మడం కూడా లొంగిపోవడమేనా?

కాదు. అన్నీ మనమే తేల్చుకోలేం కాబట్టి నిపుణుణ్ణి నమ్మడం వివేకమే. చూడాల్సింది రెండు: ఆయన మాట్లాడుతున్నది తన రంగం గురించేనా, ఆయన మాటను ఆ రంగంలో మిగతావాళ్లు తప్పుపట్టే అవకాశం ఉందా. తప్పుపట్టే వీల్లేని చోట ఉన్నది అధికారం. 1961లో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో ఒకదానిలో, తెల్లకోటు... కచ్చితంగా చెప్పాలంటే బూడిదరంగు ల్యాబ్ కోటు వేసుకున్న మనిషి 'కొనసాగించండి' అన్నందుకు 40 మందిలో 26 మంది, అవతలి గదిలోని వ్యక్తికి 450 వోల్టుల షాకు ఇస్తున్నామని నమ్ముతూ చివరిదాకా వెళ్లారు. షాకులు నిజంవి కావు, ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. పక్కన కూర్చున్న ఇద్దరు 'మేం చేయం' అని లేచిపోయిన మరో ప్రయోగంలో చివరిదాకా వెళ్లినవాళ్లు 40 మందిలో నలుగురే.

బాగా చదువుకున్నవాళ్లు, తెలివైనవాళ్లు కూడా తమ వర్గం చెప్పిందే ఎందుకు సమర్థిస్తారు?

తెలివి రెండువైపులా కోస్తుంది కాబట్టి. తనకు నచ్చని వాదనలో లోపం పట్టుకోవడానికి, నచ్చిన వాదనకు సాకు వెతకడానికి కూడా అదే తెలివి పనికొస్తుంది. డాన్ కహాన్ బృందం అమెరికాలో ఒకే అంకెల పట్టికను ఒకసారి చర్మానికి రాసే క్రీము గురించి అని, ఇంకోసారి తుపాకుల నియంత్రణ గురించి అని ఇచ్చింది. క్రీము అన్నప్పుడు లెక్కలు బాగా వచ్చినవాళ్లు బాగా చేశారు. తుపాకులు అన్నప్పుడు, జవాబు తమ రాజకీయానికి నచ్చేదైతేనే సరిగ్గా చేశారు, లెక్కల్లో దిట్టల మధ్యే ఎడం ఎక్కువ కనిపించింది. తర్వాత ఇతరులు చేసి చూసినప్పుడు ఆ చివరి ఫలితం అంత బలంగా రాని సందర్భాలూ ఉన్నాయి. అయినా తెలివితేటలు పక్షపాతానికి టీకా కావన్నది మాత్రం నిలబడింది.

ఇంకో కోణం ఉంది, దాన్ని సానుభూతితో చూడాలి. తన వాళ్లందరూ నమ్మేదాన్ని కాదంటే ఆ మనిషికి పోయేది ఒక అభిప్రాయం ఒక్కటే కాదు. స్నేహాలు, పిలుపులు, పలకరింపులు పోతాయి. ఆ ధర చెల్లించలేక నమ్మకాన్ని పట్టుకుని ఉండటాన్ని మూర్ఖత్వం అని కొట్టిపారేస్తే మనకేమీ అర్థంకాదు.

మీటింగులో ఎవరూ కాదనలేదు. బయటికొచ్చాక చూస్తే ఎవరికీ ఇష్టంలేదు. ఇదెలా జరుగుతుంది?

ప్రతివారూ మిగతావాళ్ల మౌనాన్ని అంగీకారం అనుకుంటారు, తమ మౌనం మాత్రం మొహమాటమని తమకు తెలుసు. ఇలా అందరూ అందరినీ పొరబడతారు.

మొహమాటం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భం ఒకటుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో దట్టమైన పొగమంచులో రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం రన్‌వే మీద పరుగు మొదలుపెట్టింది, రెండోది ఇంకా అదే రన్‌వే మీద ఉంది. మొదటి విమానంలో ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చింది. 'ఆ విమానం ఇంకా తప్పుకోలేదా?' అని అడిగాడు. కెప్టెన్ ఆ సంస్థలో పైలట్లకే శిక్షణ ఇచ్చే సీనియర్. 'తప్పుకుంది' అని గట్టిగా చెప్పాడు. ఇంజినీరు మళ్లీ అడగలేదు. ప్రమాదానికి కారణాలు ఇంకా ఉన్నాయి: పొగమంచు, రేడియోలో మాటలు ఒకదానిమీద ఒకటి పడి వినపడకపోవడం, ఆలస్యం. కానీ సరైన ప్రశ్న కాక్‌పిట్‌లోనే పుట్టి, అక్కడే అణిగిపోయింది.

ఇలాంటి ప్రమాదాల తర్వాత విమానయాన రంగం కిందివాళ్లకు ధైర్యం చెప్పి ఊరుకోలేదు, పద్ధతే మార్చింది. అనుమానం వస్తే చెప్పడం కోపైలట్ విధి అని, దాన్ని వినడం కెప్టెన్ విధి అని శిక్షణలో చేర్చింది. మీ మీటింగుకు కూడా ఇదే వర్తిస్తుంది. పెద్దవారు చివర్లో మాట్లాడాలి. చర్చకు ముందే ప్రతివారూ అభిప్రాయం కాగితం మీద రాసుకోవాలి. లోపాలు చెప్పే పని ఒకరికి అప్పగించాలి, వారం వారం మనిషి మారాలి.

## తెరల మీద

అబద్ధమని తెలిసినా, పదిసార్లు చూస్తే నిజమేమో అనిపిస్తుంది. నాలో ఏమైనా లోపమా?

లోపం కాదు, మెదడు పనితీరు అంతే. ముందే విన్న మాట తేలిగ్గా అర్థమవుతుంది, ఆ తేలికనే నిజమనే భావనగా పొరబడతాం. 1977 నుంచి ప్రయోగాలు మళ్లీ మళ్లీ దీన్ని చూపిస్తున్నాయి. 2015 నాటి ఒక అధ్యయనంలో వాడిన వాక్యాల్లో ఒకటి, స్కాట్లాండ్‌వాళ్లు వేసుకునే కుచ్చిళ్ల పొట్టి వస్త్రం పేరు 'చీర' అన్నది. ఇలాంటివి తప్పని తెలిసినవాళ్లకు కూడా, రెండోసారి చదివినప్పుడు కాస్త నిజంగా తోచాయి. ఈ ప్రభావాన్ని తగ్గించే మార్గాల్లో ఒకటి, చదివేటప్పుడే 'ఇది నిజమేనా?' అని తూచడం. పంచుకోవడానికి ముందు ఆగే అర నిమిషం అందుకే విలువైనది.

ఫార్వర్డ్ మెసేజ్ నిజమో కాదో తేల్చడం ఎలా? చూడ్డానికి అంతా పక్కాగానే ఉంటుంది.

పక్కాగా ఉందా అని చూడటంలోనే మోసపోతాం. శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చరిత్రకారుల్ని, స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లను పోల్చి చూశారు. మొదటి రెండు వర్గాలవాళ్లు పేజీలోనే ఉండి, లోగో, భాష, పేర్లు చూసి తరచు బోల్తాపడ్డారు. నిజనిర్ధారకులు కొన్ని క్షణాల్లోనే ఆ పేజీ వదిలి, దాని వెనక ఎవరున్నారో, బయటివాళ్లు దాని గురించి ఏమంటున్నారో వెతికారు. మనమూ అదే చేయొచ్చు. పంపినవారు మనకెంత దగ్గరివారైనా ఆ మాట పుట్టింది వారి దగ్గర కాదు. ఆత్మీయత పంపినవారి మీద ఉంచి, పరిశీలన మాట మీద పెట్టాలి.

## ఆచరణలో

అందరూ ఒకటంటే తానొకటనే మనిషే నిజమైన ఆలోచనాపరుడా?

అవసరం లేదు. ఎదురుతిరిగిన ప్రతివాడూ గెలీలియో కాడు. ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ ఉదాహరణ చూడండి. కడుపు పుండ్లకు ఒత్తిడి, ఆమ్లమే కారణమని వైద్యలోకం నమ్ముతున్న రోజుల్లో, రాబిన్ వారెన్‌తో కలిసి బాక్టీరియా కారణమన్నాడు. 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి కడుపు లోపలి పొరకు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆయన్ను నిలబెట్టింది సాహసం కంటే, ఇతరులు తమ ప్రయోగశాలల్లో పరీక్షించి చూసుకోగల ఆధారం. 'వాళ్లంతా అమ్ముడుపోయారు, నన్ను నమ్మండి' అనేవాడి దగ్గర ఆ ఆధారం ఉండదు.

నా నమ్మకాల్లో ఏవి నావి, ఏవి అలవాటుగా వచ్చాయి? తేల్చుకునే దారి ఉందా?

పూర్తిగా విడదీయలేం, విడదీయాల్సిన పనీ లేదు. అలవాటుగా వచ్చిన నమ్మకం కూడా నిజం కావొచ్చు. నేను చెప్పే పరీక్ష ఒక్కటే: ఏం కనిపిస్తే ఈ నమ్మకాన్ని మార్చుకుంటాను? జవాబు దొరికితే అది పరీక్షకు నిలిచే నమ్మకం. ఏదీ తట్టకపోతే దాన్ని ఇంకా మీరు పరిశీలించలేదన్నమాట. రెండో పని, మీతో ఏకీభవించని మనిషి వాదనను అతను విని 'అవును, నేననేది ఇదే' అనేలా చెప్పి చూడండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇంట్లోవాళ్లు తప్పుడు విషయం నమ్ముతున్నారు. గొడవ కాకుండా ఎలా చెప్పాలి?

నలుగురి ముందు చెప్పొద్దు. నలుగురిలో దిద్దితే పరువు అడ్డొస్తుంది, పరువు అడ్డొచ్చాక ఆధారాలు పనిచేయవు. విడిగా ఉన్నప్పుడు ముందు అడగండి: 'నీకు ఇందులో ఏది బాగా నమ్మబుద్ధి వేసింది?' అని. సమాధానం పూర్తిగా వినండి. చాలాసార్లు ఆ నమ్మకం కింద ఒక భయం ఉంటుంది, పిల్లల ఆరోగ్యం గురించో డబ్బు గురించో. ఆ భయం న్యాయమైనదే అయితే ముందు ఆ మాట ఒప్పుకోండి. తర్వాత మీరు చదివింది వాళ్ల చేతికిచ్చి, 'నాకు ఇలా కనిపించింది, నువ్వూ చూసి చెప్పు' అనండి. ఆ పూటే ఒప్పుకోవాలని పట్టుబట్టొద్దు. మనసు మార్చుకునేవాళ్లు చాలామంది ఎవరూ చూడనప్పుడు మార్చుకుంటారు. కొన్నాళ్లకు అదే మాట తమ సొంత మాటగా మీకే చెబితే, 'నేను ముందే చెప్పాను కదా' అనకండి.